వంటావార్పు రోజుల్లో నేనెంచుకున్న స్ప్రింగు

మురుగు పైపు మీద చెవి పెట్టి, లోపల ఏం అడ్డుపడిందో చెప్పగలిగిన మనిషి ఈ హైదరాబాదులో ఒక్కడే ఉండేవాడు. వాణ్ణి నేనే. తార్నాక నుంచి నల్లకుంట దాకా ఏ ఇంట్లో నీళ్ళు నిలిచినా నన్నే తలుచుకునేవారు. ఒకసారి అంబర్‌పేటలో ఒక పెళ్ళివారింట, బంతి మధ్యలో ఉండగా కాలువ ఎదురుతన్నింది. నేను వెళ్ళి పైపు మీద రెండుసార్లు తట్టి, చెవి ఆనించి, "అరిటాకు, దాని వెనక గరిటె" అన్నాను. తీస్తే ముందు అరిటాకు వచ్చింది, దాని వెనక గరిటె వచ్చింది.

ఇది నమ్మినవాళ్ళకు నా నమస్కారం. గరిటె కనపడటం లేదని వంటవాడు నేను వెళ్ళేసరికే గోల పెడుతున్నాడు. ఎంగిలి విస్తళ్ళు కాలువ మూతి పక్కనే కుప్పగా పడి ఉన్నాయి. కళ్ళున్న ఎవరైనా చెప్పగలరు. చెవి పెట్టిన మాట మాత్రం నిజం. పైపులోంచి నాకేమీ వినపడలేదు, చెవికి మాత్రం చాలా రోజులు చుక్కల మందు పోసుకున్నాను. అందుకని ముందే చెబుతున్నాను: నేను రాసేదాంట్లో మొదటి వాక్యం దగ్గర ఆగకండి, రెండోది వచ్చేదాకా ఓపిక పట్టండి.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన మీరంతా స్ప్రింగు కొసకు చిన్న కెమెరా కట్టి, పైపులో సంగతి సినిమాలా చూస్తున్నారు. మాకు ఆ యోగం లేదు. స్ప్రింగంటే, పుస్తకాల్లో కేబుల్ అంటారే, ఉక్కు తీగను చుట్టలు చుట్టలుగా తిప్పి చేసింది, అదే. మా స్టోరు గోడకు రెండు రకాలు వేలాడేవి. లావుది బొటనవేలంత ఉండేది, లోపల ఇంకో తీగ ఉండి బిర్రుగా నిలబడేది, కొసకు కొక్కెం దానితోనే పుట్టినట్టు అతుక్కుని ఉండేది. తిన్నగా పోయే పెద్ద పైపుల్లో చెట్ల వేళ్ళనూ గుడ్డపీలికలనూ లాగడానికి అది. సన్నది చిటికెనవేలంత, లోపల బోలు, పాములాగా వంపులు తిరిగేది. దాని కొసను మార్చుకోవచ్చు. కొక్కెం కావాలంటే కొక్కెం, పిండిలాంటిదాన్ని కోసి కలియబెట్టడానికి రేకు ఆకు. ఏది తీసుకోవాలో తెలియాలంటే పైపు ఎంత లావు, వంపులు ఎక్కడ, లోపల ఏముంది అని అడగాలి. మొదటి రెండూ పైపును చూసి తెలుసుకోవచ్చు. మూడోది మనుషులను అడగాలి. నాకు ఆ అలవాటు ఉండేది కాదు. చెవి ఉంది కదా!

నేను పనిచేసింది తార్నాక పక్కన యూనివర్సిటీ క్యాంపస్‌లో, ఇంజనీరింగు విభాగంలో. హోదా ఏమిటని మా వియ్యంకుడు అడిగితే 'జలవ్యవస్థ పర్యవేక్షణ' అన్నాను. జీతం కాగితంలో ప్లంబరనే ఉండేది. నాతో జోడీగా పనిచేసినాయన నాకంటే కాస్త పెద్ద. నల్లగొండ వైపు పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి, క్యాంపస్ గోడ అవతల మాణికేశ్వర్ నగర్‌లో స్థిరపడిన మనిషి. ఆదివారం చర్చికీ, మిగతా ఆరు రోజులు నా మీద విసుర్లకూ కేటాయించుకున్నాడు. ఆయనకు నా స్ప్రింగులంటే గిట్టదు. పాతకాలపు వెదురు బద్దలే కాలువకు మందు అనేవాడు. ఎక్కడికి పిలిచినా భుజాన బద్దల కట్టతో వచ్చేవాడు కనుక క్యాంపసంతా ఆయన్ను బద్దలన్న అనేది. ఆయన నన్ను ఉస్తాద్ అనేవాడు. ఆ పిలుపులో గౌరవం ఎంత ఉండేదో మీరే ఊహించుకోండి.

తెలంగాణ ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులు. క్యాంపస్‌లో పొద్దున ఊరేగింపు, మధ్యాహ్నం లాఠీలు, సాయంత్రం మీటింగు. తార్నాక చౌరస్తాలో బాష్పవాయువుకు కళ్ళు మండకుండా కూరగాయలు కొనుక్కుని ఇంటికెళ్తే అదే పెద్ద పండగ. తర్వాత ఉద్యోగులంతా సమ్మెకు దిగారు. బస్సులు ఆగిపోయాయి. మేము కూడా పనిమాని స్టోరు ముందు టెంటు వేసుకుని కూర్చున్నాం. మాది కోస్తా నుంచి వచ్చిన కుటుంబం. తెలంగాణ కోసం సమ్మె చేసిన ఆంధ్రా వీరుణ్ణని అప్పట్లో కొందరి దగ్గర గొప్పలు పోయాను. అసలు సంగతేమిటంటే, నేనొక్కణ్ణే డ్యూటీకి వెళ్తే పలకరించే దిక్కుండదు, టెంటులోనేమో టీ ఇచ్చేవారు.

సమ్మెతో హాస్టళ్ళ మెస్సులు కూడా మూతపడ్డాయి. పిల్లలు ఇళ్ళకు పోతారని పైవాళ్ళు అనుకున్నారు. బస్సుల్లేనిదే ఎలా పోతారు? పోయే ఉద్దేశమూ వాళ్ళకు లేదు. లేడీస్ హాస్టల్ అమ్మాయిలైతే వెనక పెరట్లో రాళ్ళ పొయ్యిలు పెట్టి, తామే వండుకోవడం మొదలుపెట్టారు. ఊళ్ళల్లో రోడ్ల మీద వంటావార్పు చేసి నిరసన తెలుపుతున్న కాలం కదా, వీళ్ళదీ అదే. బియ్యం ఎక్కడివంటే బస్తీవి. అమ్మాయిలు మాణికేశ్వర్ నగర్‌లో జోలె పట్టుకుని తిరిగితే ఇంటికో గుప్పెడు పోసేవారు. వాళ్ళను గడప గడపకూ వెంటబెట్టుకు తిప్పింది ఎవరనుకున్నారు? బద్దలన్న భార్య. కూలికి పోయొచ్చి, ఒక పూటకే బియ్యం ఉన్న ఇల్లాలు కూడా అందులోంచే గుప్పెడు తీసి పోసిందని ఆయన టెంటులో చెబుతుంటే ఎప్పుడూ వెటకారమాడే గొంతు కొంచెం తగ్గేది.

తార్నాకలో మా వీధికీ వచ్చారు. నేను బస్తా ఇచ్చానని ఎవరితోనైనా అని ఉంటే, ఇప్పుడు సవరించుకుంటున్నాను. శేరు బియ్యం ఇచ్చింది మా ఆవిడ. నేను పేపరు అడ్డం పెట్టుకుని లోపలి గదిలో కూర్చున్నాను, మాట్లాడితే యాస బయటపడుతుందని.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున లేడీస్ హాస్టల్ వార్డెన్ మేడం టెంటు దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చింది. "పెరట్లో మురుగు ఎదురుతన్నింది. బాత్రూముల నీళ్ళు కూడా వెనక్కొస్తున్నాయి. పైనుంచి హెల్త్ ఆఫీసరు మధ్యాహ్నం వస్తున్నాడు. నీళ్ళు నిలిచి కనపడితే ఆరోగ్య కారణాలని రాసి హాస్టల్‌కు తాళం వేస్తారు. ఇన్నాళ్ళూ వాళ్ళకు దొరకని సాకు ఇది. ఆడపిల్లలను సామాన్లతో రోడ్డు మీదకు పంపి నేనేం చేయను? బస్సులు కూడా లేవు."

మా టెంటు నాయకుడు స్టోర్‌కీపరే. యూనియన్ సెక్రటరీ ఆయనే, తాళంచెవి దాచుకున్నదీ ఆయనే. గట్టి చిక్కులో పడ్డాడు. మేం పనిచేస్తే సమ్మె పోతుంది. చేయకపోతే హాస్టల్ పోతుంది, దాంతో ఉద్యమంలో సగం పోతుంది.

"మేడం, మేం సమ్మెల ఉన్నం. డ్యూటీ చెయ్యం" అన్నాడు గట్టిగా, టెంటంతా వినేట్టు.

"డ్యూటీ ఎవ్వడు చెయ్యమన్నడే?" అన్నాడు బద్దలన్న. "వంటావార్పు కార్యక్రమానికి పోతున్నమనుకో. వంట పిల్లలు చేసిన్రు, వార్పు మనం చేస్తం."

టెంటులో చప్పట్లు పడ్డాయి. స్టోర్‌కీపర్ తల గోక్కున్నాడు. "మరి స్టోర్ ఎట్ల తియ్యాలె? నేను తాళం తీస్తె పని చేసినట్టే అయితది గదా." కాసేపు ఆలోచించి లేచి నిలబడ్డాడు. జేబు దులిపాడు. తాళంచెవి కింద పడింది. ఆయన దాని వంక చూడకుండా ఆకాశంలోకి చూశాడు. "చాబి పడ్డట్టున్నది. వంగి తీసుకోవాలంటే అదీ పనే. నేను సమ్మెల ఉన్న."

తాళంచెవి తీసుకుని స్టోరులోకి వెళ్ళాను. ఆ పెరటి పైపు నాకు తెలియనిది కాదు. పాతకాలపు మట్టి పైపు, పెద్ద లావు కాదు, గోడ దగ్గరికి పోయేలోపు ఒక మొండి వంపు ఉంది. పసివాడైనా సన్నది తీసుకుంటాడు. కానీ బయట వార్డెన్ మేడం ఉంది, టెంటు నిండా జనం ఉన్నారు. చిటికెనవేలంత తీగను చేత పట్టుకుని యుద్ధానికి బయలుదేరితే చూడటానికి ఏం బాగుంటుంది? లావు స్ప్రింగును చుట్టచుట్టి భుజాన వేసుకుని, హారతి ఇస్తారేమో అన్నట్టు బయటకొచ్చాను.

లేడీస్ హాస్టల్‌లోకి మగవాళ్ళం వెళ్ళాలంటే హాస్టల్లో పనిచేసే ఆయమ్మ ముందు నడుస్తూ, స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొడుతూ "మొగోళ్ళొస్తున్నరు" అని అరవాలి. అలా మేళతాళాలతో పెరట్లోకి ప్రవేశించాం. చీలమండలు మునిగే నీళ్ళు, వాసన. గట్టు మీద అమ్మాయిలు గుంపులుగా నిలబడి ఉన్నారు. వాళ్ళకు పెద్దలాగా ఒక రిసర్చి అమ్మాయి ఉంది, పొట్టిగా, చున్నీ నడుముకు బిగించి కట్టుకుని. నా మాట వినగానే పక్కనున్నమ్మాయి ఆమె చెవిలో అననే అంది, నాకు వినపడేట్టు: "అక్కా, ఈయన ఆంధ్రాయన. కావాల్ననే ఇంకింత చెడగొడతడేమో!"

నేను నోరు తెరిచేలోపు బద్దలన్న అందుకున్నాడు. "ఆంధ్రాయనే గని మనోడే, బిడ్డ. చేతగాక చెడగొడతడు గని కావాలని చెడగొట్టడు. నాది పూచి."

నా ఉద్యోగ జీవితంలో నాకు దొరికిన ఒకే ఒక్క యోగ్యతాపత్రం ఇదే.

ముందు ఆయన బద్దలు వేశాడు. "ఇటుక పెళ్ళలున్నయి లోపట. మొన్నటి లొల్లిల ఎవడో ఏసిండు" అని తేల్చేశాడు. బద్ద వంపు దాకా వెళ్ళి పటుక్కున విరిగింది. ఇక నా వంతు. పైపు మూతి దగ్గర గొంతుక్కూర్చుని, మందులకయిన ఖర్చు మరిచిపోయి, మళ్ళీ చెవి పెట్టాను. కళ్ళు మూసుకున్నాను. గట్టు మీద గుసగుసలు ఆగిపోయాయి. లేచి, చేతులు దులుపుకుని ప్రకటించాను.

"జుట్టు!"

ఆడపిల్లల హాస్టల్లో జుట్టు కాక ఇంకేముంటుంది? దువ్వెనలో వచ్చిన జుట్టు చుట్టచుట్టి పొట్లం కట్టి పారేయాలనీ, కాలువల్లో వదలకూడదనీ, మా అమ్మ కాలంలో ఆడవాళ్ళు ఎంత జాగ్రత్తగా ఉండేవారనీ చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఎదురు మాట్లాడతారనుకున్నాను. ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకున్నారు. తర్వాత ఆ రిసర్చి అమ్మాయి, "అవునంకుల్, జుట్టే" అంది. "జుట్టేనంకుల్, చాన ఊడుతుంది మాకు" అంది ఇంకో అమ్మాయి. గట్టంతా జుట్టు జుట్టు అని తలలూపింది. నిర్ధారణకు ఇంత ఏకగ్రీవ ఆమోదం దొరకడం అదే మొదలు. మనిషి పొంగిపోడా? పొంగిపోయాను. మరీ అంత తొందరగా ఒప్పుకుంటే అనుమానించాలని తోచలేదు.

లావు స్ప్రింగు లోపలికి తోసి తిప్పాను. వెళ్ళింది. లాగితే కొక్కేనికి ఇంత జుట్టు చుట్టుకుని వచ్చింది. దాన్ని పైకెత్తి చూపించాను, పులిని కొట్టిన జమీందారు తోకను చూపించినట్టు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నీళ్ళు మాత్రం అంగుళం కదలలేదు. ప్రపంచంలో ఏ కాలువలో కొక్కెం వేసినా కొంచెం జుట్టు వస్తుందని నాకు తెలియదా! తెలుసు. చప్పట్లు వినపడుతుంటే అలాంటివి గుర్తుకురావు.

మళ్ళీ తోశాను. కొక్కెం దేన్లోంచో మెత్తగా దూసుకుపోతోంది, పెరుగులో వేలు పెట్టినట్టు. తీయగానే అది మళ్ళీ మూసుకుపోతోంది. పట్టు దొరకడం లేదని ఇంకా బలంగా తోశాను. మొండి వంపు దగ్గర బిర్రు స్ప్రింగు తిరగలేక ఎదురుతిరిగి, పాత అతుకులో కొక్కెం గుచ్చుకుంది. ఇక ముందుకు పోదు, వెనక్కి రాదు. ఇప్పుడు పైపులో రెండు అడ్డులున్నాయి. ఒకటి వాళ్ళది, రెండోది నాది.

"ఏందుస్తాద్," అన్నాడు బద్దలన్న, విరిగిన బద్ద మీద కూర్చుని బీడీ వెలిగిస్తూ, "జుట్టు నిన్నే పట్టుకున్నదా?"

పది మంది అమ్మాయిలు నా వెనక నిలబడి నడుములు పట్టుకుని లాగారు. స్ప్రింగు ఊడింది. అందరం వరసగా ఆ నీళ్ళల్లోనే వెనక్కి కూలబడ్డాం. అందరికంటే కింద ఉన్నది నేను. లేచి చూస్తే కొక్కెం సాగిపోయి, తీగ మెలిపడి, ఇక దేనికీ పనికిరాకుండా ఉంది. హెల్త్ ఆఫీసరు వచ్చే వేళ దగ్గరపడుతోంది. గేటు దగ్గర అటెండరొకడు కొత్త తాళం కప్ప చేతిలో పట్టుకుని అప్పుడే తయారుగా ఉన్నాడని ఆయమ్మ వచ్చి చెప్పింది. నవ్వుతున్న పిల్లలు నవ్వు ఆపేశారు. ఒకరిద్దరు లోపలికి వెళ్ళి పెట్టెలు సర్దుకోవడం మొదలుపెట్టారు. నా గొప్పల సరదాకు వాళ్ళు రోడ్డున పడుతున్నారు. ఆంధ్రాయన కావాలనే చేశాడన్న మాట రేపు క్యాంపసంతా పాకుతుంది. కాదని ఏ మొహంతో అంటాను? పూచీపడ్డ మనిషి కూడా బీడీ పారేసి, కొత్త బద్దల కోసం బయటికి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే రిసర్చి అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. తడిసిన చున్నీ పిండుకుంటూ, నా ముఖం చూడకుండా, "అంకుల్, ఒక మాట. బద్దల కాక ముందర చెప్పలేకపోయిన" అంది.

"చెప్పమ్మా."

"జుట్టు గాదంకుల్."

"మరి?"

"అన్నం."

ఆమే చెప్పుకుపోయింది. "మాకు ఇంతమందికి వండుడు రాదంకుల్. ఇంట్లో నలుగురికే వండినం. నిన్న పెద్ద గుండిగ పెట్టినం. నీళ్ళెక్కువైనయి. అడుగు మాడింది, పైన ముద్ద ముద్ద జావ లెక్క అయింది. గంజి వంచుదామంటే అన్నమంత గంజితోనే జారింది. తినేటట్టు లేదు. బయట పారబోద్దమంటే గోడ అవుతల బస్తీ. గుప్పెడు గుప్పెడు అడుక్కొచ్చిన బియ్యమంకుల్. అమ్మలు చూస్తరు గద! ఏం ముఖం పెట్టుకుని పారబోస్తం? అందుకే మోరి మీది జాలీ తీసి..." చేత్తో కిందికి తోసినట్టు చూపించింది. "నీళ్ళు పోసి, కర్రతోని కుక్కినం. కాక భార్యే మమ్ముల ఇంటింటికి తిప్పింది. మీరు జుట్టనంగనే పాణం లేచొచ్చింది మాకు."

అదీ సంగతి. నేను పైపులో విన్నదంతా ఒట్టిది. వాళ్ళు నా అజ్ఞానం చాటున దాక్కున్నారు. కోపం రావాలి, రాలేదు. పేపరు చాటున దాక్కున్నవాడికి ఏం కోపం వస్తుంది?

"పొయ్యి మీద నీళ్ళు పెట్టండి. బాగా కాగాలి" అని చెప్పి స్టోరుకు పరిగెత్తాను. నా వయసు మనిషి పరిగెత్తాడంటే పరిగెత్తాననే రాయాలి. చూసినవాళ్ళు మాత్రం వేగంగా ఆయాసపడ్డాడని చెబుతారు. స్టోర్‌కీపర్ ఇంకా ఆకాశంలోకే చూస్తున్నాడు. లావుదాన్ని కనపడకుండా వెనక పారేసి సన్న స్ప్రింగు తీసుకున్నాను. దాని కొసకు ఆకు బిగించాను. ముద్దన్నాన్ని కొక్కెం పట్టుకోలేదు. కోసి, చిలికి, వేడినీళ్ళతో పలచన చేసి పంపాలి. పొద్దున్నే అడిగి ఉంటే పొద్దున్నే అయిపోయే పని.

తిరిగొచ్చేసరికి బద్దలన్న కూడా వచ్చాడు. ఆయనకేం చెప్పాలి? "అన్నా, నేను మళ్ళీ విన్నాను. జుట్టుతో పాటు సబ్బు కూడా ఉంది. గడ్డకట్టింది" అన్నాను.

"నీ చెవిల ఏముందో ముందు చూపిచ్చుకో, ఉస్తాద్" అన్నాడు. "సరే తియ్. నువ్వు తిప్పు, నేను కింద చాంబర్ కాడ చూస్తుంట, ఏమొస్తదో."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెరటి పైపు వెళ్ళి కలిసే చాంబరు గోడ పక్కనే ఉంది. గోడ అవతల టీకొట్టు, బస్తీ జనం. హాస్టలుకు తాళం పడుతుందట అని తెలిసి, ఆడవాళ్ళూ మగవాళ్ళూ అప్పటికే గోడ మీంచి తొంగిచూస్తున్నారు. "వద్దన్నా, నువ్వు తిప్పు, కింద నేను చూస్తాను. నీ నడుం నొప్పి..." అన్నాను.

"తిప్పేటందుకే నడుం గావాలె. చూసేటందుకు కండ్లు జాలు" అని ఆయన వెళ్ళి చాంబరు మూత తీసి పక్కన కూర్చున్నాడు. రిసర్చి అమ్మాయి నా వైపు చూసింది. ఏం చేయను? గేటు దగ్గర తాళం కప్ప ఎదురుచూస్తోంది.

తిప్పాను. ఈసారి చెవి పెట్టలేదు. చేతికే తెలుస్తోంది. సన్నది వంపు దగ్గర ఒదిగి, తలవంచుకుని, అవతలికి వెళ్ళింది. ఆకు దేన్నో కోస్తోంది. అమ్మాయిలు వేడినీళ్ళు గిన్నెలతో అందిస్తున్నారు, పోస్తున్నారు. నేను తిప్పుతున్నాను, మళ్ళీ పోస్తున్నారు. పైపు ఒక్కసారి గుటక వేసింది. పెరట్లో నీటి మీద చిన్న సుడి పుట్టి, పెద్దదై, నీళ్ళను బరబరా లోపలికి లాక్కుపోయింది. గట్టు మీద ఒకటే కేకలు. నేను మాత్రం గోడ వైపే చూస్తున్నాను.

బద్దలన్న చాంబరులోకి వంగి చూస్తున్నాడు. అలాగే వంగి ఉండిపోయాడు. తెల్లగా, ముద్దలు ముద్దలుగా, ఆయన కళ్ళ ముందు నుంచి పోతోంది. ఎవరి గుప్పెళ్ళో ఆయనకు తెలుసు. కొన్ని ఆయన ఇంటివి కూడా.

గోడ మీంచి ఎవరో అరిచారు. "ఏమొచ్చిందే? ఏముండె లోపట?"

రిసర్చి అమ్మాయి చేతిలో గిన్నె అలాగే ఆగిపోయింది.

బద్దలన్న చాంబరు మూతను సగం మీదికి లాగాడు, గోడవాళ్ళకు కనపడకుండా. లేచి, మా అందరికీ వినపడేట్టు గొంతెత్తాడు.

"జుట్టే! ఉస్తాద్ జెప్పింది నిజమే. అంత తెల్ల జుట్టు. ముసలి వార్డెన్లదే అయ్యుంటది!"

గోడ మీద నవ్వులు. గట్టు మీద కూడా నవ్వారు, కాకపోతే అందరూ కాదు. ఆ అమ్మాయి గిన్నె కింద పెట్టి ముఖం కడుక్కోవడానికి వెళ్ళింది. వార్డెన్ మేడం ఒక్కతే, రంగు వేసుకున్న తల తడుముకుంటూ, "ఇదేం మాటయ్యా?" అంది.

హెల్త్ ఆఫీసరు వచ్చేసరికి పెరడు కడిగి ముగ్గు కూడా వేశారు. అటూ ఇటూ నడిచాడు. ముక్కు ఎగపీల్చాడు. ముగ్గు మీద కాలు పడకుండా వెనక్కి తిరిగాడు. "మురుగు నిలిచిందన్నారు?"

"నిలిచిందండీ. జుట్టు. తీసేశాం" అన్నాను.

"సమ్మెలో ఉన్నారు కదా మీరు?"

"వంటావార్పుకొచ్చినం సార్" అన్నాడు బద్దలన్న.

రాయడానికి ఏమీ దొరక్క ఆయన జీపెక్కాడు. అటెండరు కొత్త తాళం కప్పను చంకలో పెట్టుకుని వెనకాలే వెళ్ళాడు. పెట్టెలు సర్దుకున్న అమ్మాయిలు మళ్ళీ విప్పుకున్నారు. సాయంత్రం టెంటులో నా చెవి గురించి రెండు ఉపన్యాసాలు జరిగాయి. అందులో ఒకటి నేనే ఇచ్చాను. చెవి మహిమ అబద్ధమని తెలిసిన మనిషి పక్కనే కూర్చుని, బీడీ పొగ చాటున, ఒక్క మాట కూడా అడ్డు చెప్పలేదు. అంతకంటే ఏ విసురైనా నయం.

ఇంటికి వెళ్ళేటప్పుడు అడగాలనుకున్నాను. నోరు రాలేదు. ఇంట్లో చెబుతాడా? ఆవిడ బస్తీలో చెబుతుందా? రేపు ఆ పిల్లలు జోలె పట్టుకు వెళ్తే ఏ గడపైనా తెరుస్తారా? తాళం కప్ప వెళ్ళిపోయింది కానీ, బియ్యం రాకపోతే హాస్టల్ దానంతటదే ఖాళీ అవుతుంది.

మర్నాడు పైపు తనిఖీ అనే వంకతో లేడీస్ హాస్టల్‌కు వెళ్ళాను. సమ్మెలో తనిఖీ ఏమిటని ఆయమ్మ అడగలేదు, పళ్ళెం వాయించింది. పెరట్లో పొయ్యిల దగ్గర బస్తీ ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. బద్దలన్న భార్య కొంగు దోపుకుని గుండిగ ముందు నిలబడి ఉంది. రిసర్చి అమ్మాయి, మిగతా పిల్లలు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. "ఇట్ల సూడు బిడ్డ. మెతుకు పట్టి సూడాలె. నడిమిట్ల ఇంత పలుకున్నప్పుడే దించాలె. బట్టేసి మూత గట్టిగ పట్టి వంచాలె. తొందరేం లేదు, అన్నం యాడికి పోతది?" అంటోంది ఆవిడ. గంజి బకెట్లోకి వంచుతోంది, కాలువలోకి కాదు. బకెట్టు గోడ అవతలి గేదెలకట. ఆ ముఖంలో అంతా తెలిసిన జాడా లేదు, తెలియని జాడా లేదు.

బద్దలన్న గట్టు మీద కూర్చుని కొత్త బద్దలు చీలుస్తున్నాడు. పక్కన కూర్చుని, మెల్లగా అడిగాను. "అన్నా, ఇంట్లో ఏం చెప్పావు?"

"ఏం జెప్పాలె?" అన్నాడు కత్తి ఆపకుండా. "పిల్లల జుట్టు రాలుతున్నది, సరిగ తింటున్నట్టు లేరు, పోయి జర ఓ కంట చూడుమన్న."

బంతి వేశారు. ఆవిడ వచ్చి మా ఇద్దరి ముందూ విస్తళ్ళు పరిచింది. ఆ రోజు అన్నం పొడిపొడిగా ఉంది.